కంటేజియస్ అనే ముందు

నేను సర్కారు దవాఖానల్లో పనిచేసి రిటైరైన డాక్టరుని. నాగర్‌కర్నూల్ వైపు మొదలుపెట్టి, మధ్యలో వనపర్తిలో చాలాకాలం ఉండి, చివరికి గద్వాల వైపు ముగించాను. ఇప్పుడు వనపర్తిలోనే ఉంటున్నాను. కొత్తగా పీహెచ్‌సీల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మేడం, మీ అనుభవం నుంచి ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. ఏ పోస్టింగ్ మంచిది, ఏ అధికారితో ఎలా మాట్లాడాలి అనేవి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. అందుకని నేను వాళ్లకు ఒక మాట గురించి చెబుతాను. ఒక్క ఇంగ్లీషు మాట. కంటేజియస్.

వాళ్లు మర్యాదగా నవ్వుతారు. ఆ మాట తెలియని డాక్టరు ఉంటాడా అని వాళ్ల అనుమానం. పరీక్షలో అడిగితే అందరూ సరిగ్గానే రాస్తారు. దవాఖాన వరండాలో రోగి చుట్టూ పదిమంది నిలబడి మన నోటి వైపే చూస్తున్నప్పుడు మాత్రం చాలామంది తప్పుగా వాడతారు. ఆ తప్పు వల్ల ఏం జరుగుతుందో నేను చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

సోకేది, అంటుకునేది

ముందు అర్థాలు తేల్చుకుందాం. ఇన్ఫెక్షియస్ అంటే ఏదో ఒక క్రిమి ఒంట్లో చేరడం వల్ల వచ్చే జబ్బు. ఆ క్రిమి నీళ్లలోంచి రావచ్చు, మట్టిలోంచి రావచ్చు, దోమ కాటుతో రావచ్చు, పశువు నుంచి రావచ్చు. కంటేజియస్ అంటే ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పాకేది. ఆ మాట పుట్టుకలోనే తాకడం అనే అర్థం ఉంది. తట్టు కంటేజియస్. కోరింత దగ్గు కంటేజియస్. మలేరియా ఇన్ఫెక్షియస్ మాత్రమే, ధనుర్వాతం కూడా అంతే. కంటేజియస్ అయిన ప్రతి జబ్బూ ఇన్ఫెక్షియస్ అవుతుంది గానీ, ఇన్ఫెక్షియస్ అయిన ప్రతిదీ కంటేజియస్ కాదు.

మనకు వచ్చే చిక్కు తెలుగులో ఉంది. రెండింటినీ కలిపి అంటురోగం అనేస్తాం. అంటు అనగానే మన ఊళ్లలో జనానికి క్రిమి ఒక్కటే గుర్తుకు రాదు. ఎవరు ఎవరిని ముట్టుకోకూడదు, ఎవరు ఏ గ్లాసులో తాగాలి అనే పాత కట్టుబాట్లన్నీ ఆ మాట వెంట నడిచి వస్తాయి. అందుకని నేను నా వరకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి రకానికి సోకుతుంది అనేదాన్ని, రెండో రకానికి అంటుకుంటుంది అనేదాన్ని. మలేరియా సోకుతుంది. తట్టు అంటుకుంటుంది. నిఘంటువు ఒప్పుకుంటుందో లేదో తెలియదు, జనానికి మాత్రం అర్థమయ్యేది.

ఈ పద్ధతి నాకు మన్ననూర్ దగ్గర అలవాటైంది. అడవి అంచున ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో, మలేరియాతో వణికిపోతున్న ఆడమనిషిని అత్తింటివాళ్లు గుడిసె బయట కట్టెల పక్కన పడుకోబెట్టారు. ఎవరో అంటురోగం అన్నారట. గుడిసెలో ఉన్న ఒక్క పాత దోమతెర కింద ఇంటి మగవాళ్లు పడుకుంటున్నారు. దోమలన్నీ ఆమెను కుట్టి, అక్కడి నుంచి లోపలివాళ్ల దగ్గరికి వెళ్తున్నాయి. "ఆమెకు భయపడకండి, దోమకు భయపడండి. తెర తెచ్చి ఆమెకు కట్టండి" అని చెప్పాక గానీ వాళ్లు కదలలేదు.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో జబ్బును మాత్రమే కాదు, మనిషిని కూడా కంటేజియస్ అంటారు. అలా అన్నప్పుడు, ఇప్పటికి, ఈ కొంతకాలం వరకు అని దాని అర్థం. గద్వాలలో చీరలు నేసే ఒకాయనకు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. మొదట్లో ఆయన కంటేజియస్, అందులో అనుమానం లేదు. మందులు పడ్డాయి, కళ్లెలో క్రిమి కనబడకుండా పోయింది, కోర్సు పూర్తయింది. అయినా పక్క మగ్గం మీద ఎవరూ కూర్చోలేదు. అంటుకుంటుంది అని చెప్పడానికి ఆ ఇంటికి వెళ్లిన మా దవాఖాన మనుషుల్లో ఒక్కరూ, ఇక అంటుకోదు అని చెప్పడానికి మళ్లీ ఆ గడప తొక్కలేదు. మొదటి మాట చెప్పినవాళ్లే రెండో మాటా చెప్పాలి. లేకపోతే జబ్బు తగ్గినా మనిషి మీద ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది.

ఇవి చిన్న సంగతులు. పెద్దది నా సర్వీసు చివర్లో జరిగింది.

సందుకు కంప

కరోనా తగ్గి ఊళ్లు మళ్లీ మామూలవుతున్న కాలం. తొలకరి వానలు పడ్డాయి. ఒక ఉదయం మా ఏఎన్‌ఎం సరోజ ఇటిక్యాల దాటాక వచ్చే ఒక ఊరి నుంచి ఫోన్ చేసింది. ఊరి పేరు రాయను.

"మేడం, మీరు జల్ది రావాలె. బీరప్ప ఇంటి సందుకు కంప కొట్టిండ్రు. లోపలోళ్లను బయటికి రానిస్తలేరు. నన్ను గూడ పోనిస్తలేరు."

"ఎందుకు?"

"ఏదో అంటురోగమంట. గద్వాల డాక్టరే చెప్పిండంట. ఊరంత పరేషాన్ మీదుంది."

జీపులో వెళ్తూ సరోజతో ఫోన్లో మాట్లాడి జరిగింది తెలుసుకున్నాను. బీరప్పకు గొర్రెల మంద ఉంది. వానలు పడగానే రెండు గొర్రెలు ఉన్నట్టుండి పడి చచ్చాయి. చచ్చిన గొర్రెను పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. కోసి, ఊళ్లో పాలు వేసి పంచుకున్నారు. కొందరు వండుకున్నారు, కొందరు తునకలు చేసి ఎండబెట్టుకున్నారు. ఆ తర్వాత బీరప్ప ముంజేతి మీద చిన్న పొక్కు లేచింది. అది పగిలి నడిమధ్యన బొగ్గులా నల్లబడింది. చుట్టూ వాపు వచ్చింది గానీ నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఆగి, వాపు మోచెయ్యి దాటాక గద్వాలలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాడు.

అక్కడ ఉన్నది కార్తీక్ అని కుర్ర డాక్టరు. చెయ్యి చూడగానే అతనికి సరైన అనుమానం వచ్చింది. అది మెచ్చుకోవాల్సిన విషయం, చాలామంది పెద్ద డాక్టర్లకు కూడా తట్టేది కాదు. ఆంథ్రాక్స్. మన పల్లెల్లో దొమ్మ అంటారు. పశువులకు వచ్చే జబ్బు, చచ్చిన పశువును కోసినప్పుడు మనిషికి సోకుతుంది. అతను మందులు రాసి, పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పి, కుర్చీ వెనక్కి జరుపుకుని, "ఇట్స్ ఆంథ్రాక్స్. హైలీ కంటేజియస్. దూరం, దూరం" అన్నాడు. బీరప్పకు తోడుగా వచ్చినవాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా కరోనా పుణ్యమా అని ఆ మాట తెలుసు. బీరప్ప ఇల్లు చేరేలోపే ఫోన్లలో ఊరంతా పాకింది.

బీరప్ప పెద్దాసుపత్రికి వెళ్లలేదు. వెళ్లనివ్వలేదు. బస్సెక్కితే అందరికీ అంటిస్తాడని ఆపారు. రాసిచ్చిన మందులు తెచ్చిపెట్టే మనిషి కూడా లేడు.

నేను దిగేసరికి సందు మొదట్లో తుమ్మకంప అడ్డంగా పరిచి ఉంది. ఇవతల కర్రలు పట్టుకుని పాతికమంది దాకా ఉన్నారు. అవతల బీరప్ప భార్య ఎల్లమ్మ ఖాళీ బిందె పట్టుకుని నిలబడి ఉంది. నల్లా ఇవతల వైపు ఉంది. ఆమె వెనక అరుగు మీద బీరప్ప చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జ్వరంతో కళ్లు ఎర్రబడ్డాయి.

కంప కాపలాకు నాయకుడిలా ఉన్నవాడు తిమ్మప్ప, బీరప్ప చిన్నాయన కొడుకు. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకే గోడ. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"డాక్టరమ్మా, నువ్వు లోపలికి పోవద్దు. పోతే మళ్ల బయటికి రావద్దు."

అప్పుడు ఎల్లమ్మ అరిచింది. "సూడమ్మా! ఇయ్యాల పొద్దటి సంది చుక్క నీళ్లు లెవ్వు. బడికి పోయిన నా బిడ్డను గూడ ఎనుకకు తోలిండ్రు. సొంత మరిదే గిట్ల చేస్తుండు!"

"నేనేం చేస్తి వదినా? ఊరు బతకాల్నా వద్దా?" అన్నాడు తిమ్మప్ప. గొంతు బొంగురుగా ఉంది. ఎండ అప్పుడే మండుతోంది, అయినా మెడ చుట్టూ తువ్వాల గట్టిగా చుట్టుకుని ఉన్నాడు. నా కన్ను దాని మీద పడింది గానీ అప్పటికి ఏమీ అనుకోలేదు. నా చూపు అతని వెనక మిద్దె మీదికి పోయింది. అక్కడ దండెం కట్టి మాంసం తునకలు వేలాడదీశారు. పక్క మిద్దె మీద కూడా ఉన్నాయి. కింద ఒక పెద్దావిడ చాటలో పోసుకుని ఈగలు తోలుతోంది.

ఏ దోషం లేని మనుషులను కంపతో కట్టేసి, రోగాన్ని మిద్దెల మీద ఆరబెట్టుకున్నారు.

పై అధికారితో ఫోన్

జీపు పక్కకు వచ్చి జిల్లాలో నా పైన ఉన్న అధికారికి ఫోన్ చేశాను. ఆయన మంచి పనిమంతుడు. కరోనా కాలంలో ఇంటికి పోకుండా పనిచేశాడు. అందుకే ఆయనకు వేరే దారి తోచలేదు.

"ఊరు మొత్తం సీల్ చేయించమ్మా. పోలీసులను పంపిస్తాను. ఎవరూ బయటికి రాకూడదు, లోపలికి పోకూడదు" అన్నాడు.

"సార్, ఇది మనిషి నుంచి మనిషికి పాకేది కాదు. ఇన్ఫెక్షియస్ సార్, కంటేజియస్ కాదు."

"ఇంత అర్జెంటులో గ్రామర్ ఎందుకమ్మా?"

"గ్రామర్ కాదు సార్. మనుషులకు కాపలా పెడితే పోలీసులు మనుషులనే చూస్తారు. మాంసం ఇళ్లలోనే ఉంటుంది. ఇంకెవరికైనా పుండు లేస్తే బయటికి చెప్పుకోరు, దాచుకుంటారు. మనకు కాపలా కావాల్సింది గొర్రెలకు, మాంసానికి. ఇంకో గొర్రె చస్తే కత్తి పెట్టకుండా చూడాలి."

ఆయన గొంతు తగ్గించాడు.

"ఇది పూర్తిగా పాకనే పాకదని మీరు హామీ ఇస్తారా?"

"పుండు రసిని ఒట్టి చేత్తో ముట్టుకుంటే ఎక్కడో చాలా అరుదుగా రావచ్చు సార్. పక్కన కూర్చుంటే, మాట్లాడితే, ఒకే బస్సులో పోతే రాదు."

"సరే. పశువుల డాక్టరును, మందులను పంపుతున్నా. మీరు అక్కడే ఉండండి" అని పెట్టేశాడు.

ఎందరో అధికారుల కింద పనిచేశాను. ఇచ్చిన ఆర్డరును అదే ఫోన్లో వెనక్కి తీసుకోగలిగినవాళ్లు చాలా తక్కువ. ఆయన ఆ పని చేశాడు. లేకపోతే సాయంత్రానికి ఆ కంప పక్కన పోలీసు బారికేడ్లు కూడా వచ్చేవి, ఆ తర్వాత జరిగింది ఇంకోలా ఉండేది.

తువ్వాల

తిరిగి వచ్చి కంపను కాలితో కొంచెం పక్కకు నెట్టి లోపలికి నడిచాను. చీర అంచు ముళ్లకు పట్టుకుని చిరిగింది. వెనక కేకలు వేశారు గానీ ఎవరూ ముందుకు రాలేదు. సరోజ నా వెనకే వచ్చింది.

బీరప్ప పక్కన అరుగు మీద కూర్చున్నాను. భుజం మీద ఒట్టి చెయ్యి వేసి జ్వరం చూశాను. తర్వాత చేతులకు గ్లౌజులు తొడుక్కుని పుండు చూశాను. మధ్యలో నల్లటి చెక్కు, చుట్టూ నీటి పొక్కులు. అనుమానం అక్కర్లేదు.

కంప అవతలి నుంచి తిమ్మప్ప అడిగాడు. "అంటుతది అంటుతది అని ఆ డాక్టరంటే, అంటదన్నట్టు నువ్వు పక్కన కూసున్నవ్. అంటకుంటే చేతికి తొడుగులెందుకు మరి?"

నాకు అతని మీద కోపం రాలేదు. న్యాయమైన ప్రశ్న. ఇలాంటప్పుడు కొట్టిపారేస్తే ఆ తర్వాత మనం చెప్పేది ఎవరూ నమ్మరు. అందరికీ వినబడేట్టు, నాకు పుట్టినప్పటి నుంచి వచ్చిన భాషలోనే చెప్పాను.

"మంచిగ అడిగినవ్. పుండు లోపలి రసిల క్రిమి ఉంటది. దాన్ని ఒట్టి చేత్తో ముట్టొద్దు, అందుకే తొడుగులు. బీరప్ప పక్కన కూసుంటే రాదు. ఆయనతో మాట్లాడితే రాదు. ఆయన బిడ్డ బడికి పోతే రాదు. ఇది కరోనా లెక్క మనిషి నోట్ల నుంచి వచ్చేది కాదు. సచ్చిన గొర్రె నుంచి వచ్చేది. కోసినోళ్లకు, ఒలిచినోళ్లకు, మోసినోళ్లకు, తిన్నోళ్లకు సోకుతది. మీరు కంప కొట్టాల్సింది ఈ సందుకు కాదు. అగో, ఆ మిద్దె మీది తునకలకు."

అందరి తలలూ ఒక్కసారి మిద్దెల వైపు తిరిగాయి. చాటతో ఉన్న పెద్దావిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"ఉడకబెడితే పోదా అమ్మా?" అని ఎవరో అడిగారు.

"దీని విత్తనం గట్టిది. ఉడికినంక గూడ మిగులుతది. ఎండబెడితే అసలే సావదు."

"మరి మేమంత తింటిమి గదా!" అంది ఒకావిడ.

"తిన్నోళ్లందరికి మందుంది. బండి వస్తుంది. గోలీలు మింగితే సరిపోతది. కానీ ఎవరు కోసిండ్రు, ఎవరు మోసిండ్రు, ఎవరికి ఒంటి మీద పొక్కు ఉంది, నాకు ఇప్పుడే చెప్పాలె. దాచిపెడితే మందు అందదు."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తిమ్మప్ప ఉమ్మి మింగడం చూశాను. మింగడానికి తల కొంచెం ముందుకు వంచాడు, కళ్లు మూసుకున్నాడు. గొంతులో ఏదో అడ్డుపడుతున్నవాడే అలా మింగుతాడు. అప్పుడు ఆ బొంగురు గొంతుకు, ఆ తువ్వాలకు నాకు అర్థం తెలిసింది.

"తిమ్మప్పా, ఇట్ల రా. మెడ చూపియ్యి" అన్నాను.

"నాకేం లేదు."

"గొర్రెను మోసిందెవరు?"

అతను తువ్వాల ఇంకా బిగించుకున్నాడు. ఎల్లమ్మ చెప్పింది. ఆమె గొంతులో అప్పటిదాకా ఉన్న కోపం పోయి భయం వచ్చింది. "గీయనే భుజం మీదేసుకొని తెచ్చిండు అమ్మా. ఒలిచింది గూడ గీయనే."

చుట్టూ ఉన్నవాళ్లు తిమ్మప్ప నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు. అతను అది చూశాడు. పొద్దుటి నుంచి అతను కాపలా కాసిన భయం ఇప్పుడు అతని వైపే తిరిగింది. చేతిలో కర్ర వదిలేసి గోడకు ఆనుకున్నాడు.

"నన్ను గూడ లోపలేస్తరు" అన్నాడు నెమ్మదిగా. "నా పిల్లలకు గూడ నీళ్లియ్యరు. అందుకే చెప్పలే."

నేను కంప దాటి అతని దగ్గరికి వెళ్లి తువ్వాల విప్పాను. దవడ కింద, మెడ పక్కన నల్లటి చెక్కు. వాపు గడ్డం నుంచి భుజం ఎముక దాకా దిగింది. చేతి మీద వాపు పెరిగితే మనకు టైం ఉంటుంది. మెడ మీద పెరిగితే ఊపిరి గొట్టం మీద పడుతుంది. అతనికి ఆ టైం అయిపోవస్తోంది.

సరోజ అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. దగ్గరున్న ఇంజెక్షన్ అక్కడే గోడ పక్కన ఇచ్చాను. బండి వచ్చింది గానీ డ్రైవరు దిగలేదు. అద్దం కొంచెం దించి, "మేడం, ఇది అంటుతదా? మా ఇంట్ల చిన్న పిల్లలున్నరు" అన్నాడు. అతన్ని తిట్టే తీరిక లేదు, తిట్టాల్సిన పనీ లేదు. నేను వెనక డోరు తీసి ముందుగా ఎక్కి కూర్చున్నాను. "నేను ఆయన పక్కనే కూసుంటున్న. చాలునా?" అన్నాను. అతను దిగి తిమ్మప్పను ఎక్కించడానికి చెయ్యి వేశాడు. బీరప్పను కూడా అందులోనే ఎక్కించాం. ఎల్లమ్మ ఎక్కబోతుంటే తిమ్మప్ప ఆమెను చూడలేక తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ దారి నాకు ఎంత పొడుగ్గా అనిపించిందో చెప్పలేను. తిమ్మప్ప పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. కూర్చోబెట్టి పట్టుకున్నాం. బండి కుదుపుకు ఒకవైపు నేను, ఇంకోవైపు బీరప్ప. బీరప్ప తన మంచి చేత్తో తమ్ముడి వీపు నిమురుతూ, "ఊపిరి పీల్చు. జర పీల్చురా. వచ్చినం, వచ్చినం" అంటూనే ఉన్నాడు. ఒకచోట తిమ్మప్ప పెదవులు నీలంగా మారాయి. ఆక్సిజన్ పెంచి, తల ముందుకు వంచి పట్టుకున్నాను. గొంతు కోసి గొట్టం వేయాల్సి వస్తుందేమోనని నా చెయ్యి రెండుసార్లు కిట్ మీదికి వెళ్లింది. వేయాల్సి రాలేదు. ఆసుపత్రి గేటు కనబడినప్పుడు నా చీర నడుం దాకా చెమటతో తడిసిపోయి ఉంది.

ఆ తర్వాత

పశువుల డాక్టరు రహీం అదే రోజు ఊరికి చేరాడు. మిగిలిన మందకంతా టీకాలు వేశాడు. మరో గొర్రె చచ్చింది, దాన్ని కత్తి తగలనివ్వకుండా లోతైన గుంటలో సున్నం వేసి పూడ్పించాడు. మిద్దెల మీది తునకలు దింపించడం మాత్రం సులువు కాలేదు. ఒకరిద్దరు గడ్డివాములో దాచారు. సరోజ ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, కసిరి బయటికి తీయించింది. తిన్నవాళ్లందరికీ గోలీలు ఇచ్చాం. ఇంకో ఇద్దరు చేతుల మీద పొక్కులు చూపించారు. కంప ఉండగా వాళ్లు చూపించేవాళ్లు కాదు.

మనిషెవరూ పోలేదు. అది మా గొప్పతనమని నేను చెప్పుకోను. తిమ్మప్ప చాలా దూరం వెళ్లి వెనక్కి వచ్చాడు. ఇంకో పూట అతను ఆ తువ్వాల విప్పకుండా ఉంటే నేను ఈ వ్యాసం వేరేలా రాయాల్సి వచ్చేది.

అన్నదమ్ములిద్దరూ నయమై ఇంటికి వచ్చారు. బీరప్ప తమ్ముడితో మామూలుగానే మాట్లాడాడు. ఎల్లమ్మ మాట్లాడలేదు. కంపను ఆమె అప్పటికే కొట్టుకుని పొయ్యిలో పెట్టేసింది. నేను చూడబోయినప్పుడు తిమ్మప్ప గోడ అవతలి నుంచి, "వదినా, బాగున్నవా" అన్నాడు. ఆమె చెవిన పడనట్టే బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఇలాంటి సంగతులకు డాక్టర్ల దగ్గర కోర్సు లేదు.

కార్తీక్

ఒక పని మిగిలిపోయింది. గద్వాల వెళ్లి కార్తీక్‌ను కలిశాను. అతనికి ఊళ్లో జరిగిందేమీ తెలియదు. చెబుతుంటే ముఖం పాలిపోయింది, కానీ మొదట ఒప్పుకోలేదు.

"మేడం, డయాగ్నసిస్ కరెక్టే కదా?"

"కరెక్టే. నువ్వు గుర్తుపట్టకపోతే ఇద్దరూ పోయేవాళ్లు. అందుకే నీ దగ్గరికి వచ్చాను. పనికిరాని డాక్టరైతే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు."

"నేను జాగ్రత్త కోసమే అన్నాను. సీరియస్ జబ్బు అని తెలియాలి కదా. కంటేజియస్ అంటే సీరియస్‌గా తీసుకుంటారని..."

"అదే తప్పు. కంటేజియస్ అంటే ప్రమాదకరం అని అర్థం కాదు. జలుబు కంటేజియస్, చంపదు. ధనుర్వాతం చంపుతుంది, కంటేజియస్ కాదు. ఎంత ప్రమాదమో చెప్పడానికి వేరే మాటలున్నాయి. ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి ఈ మాట. నువ్వు ప్రమాదం చెప్పబోయి దారి తప్పుగా చూపించావు. వాళ్లు నువ్వు చూపించిన దారికే కంప కొట్టారు."

అతను బల్ల మీది స్టెతస్కోపును పక్కకు జరిపాడు. తర్వాత, "నేను ఇప్పుడు ఏం చేయాలి మేడం?" అన్నాడు.

"నువ్వన్న మాట అక్కడ ఇంకా ఉంది. నేను వంద చెప్పినా, గద్వాల డాక్టరు ఇట్లన్నాడు గదా అనే అంటున్నారు. తీస్తే నువ్వే తీయాలి."

ఆ ఆదివారం అతను తన బైకు మీద వచ్చాడు. నేను వెంట వెళ్లాను గానీ ఒక పక్కగా నిలబడ్డాను. బీరప్ప ఇంటి ముందు జనం చేరారు, తిమ్మప్ప కూడా గోడ పక్కన నిలబడ్డాడు. కార్తీక్ అరుగు మీద కూర్చుని, మానిపోయిన బీరప్ప చేతిని తన చేతుల్లోకి తీసుకుని, తడబడుతూ మొదలుపెట్టాడు. వాళ్లది ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లె అని నాకు అప్పుడే తెలిసింది. రెండు మాటలయ్యేసరికి క్లినిక్‌లో మాట్లాడే భాష పోయి ఇంటి భాష వచ్చింది.

"నేను ఆ దినం తప్పు మాటన్న. ఇది మనిషికి మనిషికి అంటేది కాదు. సచ్చిన జీవాన్ని కోస్తెనే సోకుతది. ఈయన చెయ్యి ఇగో, నేను పట్టుకున్న. ఈ ఇంటి నీళ్లు తాగుత. ఈ పిల్లతోని మీ పిల్లలు ఆడుకోవచ్చు. ఇంకోపారి గొర్రె సస్తే కొయ్యకుండ్రి, డాక్టరుకు ఫోన్ చెయ్యండ్రి. ఎవలకన్న పొక్కు లేస్తే దాచుకోకుండ్రి, నా దగ్గరికి రాండ్రి. నేను దూరం జరగను."

అందరికీ అర్థమైంది. ముసలివాళ్లు తలలూపారు. ఒకరిద్దరు అరుగు దగ్గరికి జరిగి కూర్చున్నారు. ఎల్లమ్మ లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను రెండు చేతులా అందుకుని తాగుతుంటే ఎదురుగా నిలబడి చూసింది. చెంబు వెనక్కి ఇచ్చాక అడిగింది.

"గింత మంచి తెలుగు వస్తది గదా సారు నీకు. ఆ దినం ఏడ వెట్టినవ్?"